మిషన్ కొంటే చాలదు, సెట్ చేసే చెయ్యి కావాలి

వార్షికోత్సవం వచ్చిందంటే మన హాస్టల్‌లో రెండు పనులు తప్పవు. ఒకటి గోడలకు సున్నం, రెండోది పూర్వ విద్యార్థుల సమావేశం. పోయినసారి సమావేశంలో "మనం తిన్న కంచం ఇక్కడిదే, తమ్ముళ్లకు ఏదైనా చేయాలి" అని అందరం అనుకున్నాం. ఒక అన్న మంచినీళ్ల మిషన్ అన్నాడు. ఇంకొకరు కంప్యూటర్లు అన్నారు. మరొకరు గ్రూప్స్ పుస్తకాలు అన్నారు. టర్నర్, ఫిట్టర్ ట్రేడ్‌లు చదివి తాండూరులో, సికింద్రాబాదులో పని చేసుకుంటున్న మేము కొందరం లేచి "చిన్న లేత్ మిషన్" అన్నాం. సభ నవ్వింది. "చదువుకునే పిల్లలకు ఇనుప సామాను ఎందుకన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు.

ఆ నవ్వుకు మేము నొచ్చుకోలేదు. అయితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. మమ్మల్ని సమర్థించినవారిలో కొందరు "సరే, ఒక సెకండ్ హ్యాండ్ మిషన్ కొని, పూలదండ వేసి, ఫొటో దిగుదాం" అన్నారు. వారితోనూ మేము ఏకీభవించం. ఎందుకో వివరంగా చెబుతాం.

మన చుట్టూ ఉన్న పని

వికారాబాద్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కి తాండూరులో దిగితే, ఊరు చేరకముందే చప్పుడు వినిపిస్తుంది. బండలు కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు. తాండూరు నీలం బండ, పసుపు బండ, షాబాద్ బండ దేశమంతా పోతాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కంది పండే నేల కాబట్టి పప్పు మిల్లులు ఉన్నాయి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వికారాబాద్ 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది. కొత్త ఆఫీసులు వచ్చాయి. కానీ మన ఊళ్ల నుంచి రోజూ రైలెక్కేవాళ్లలో ఆఫీసులకు పోయేవాళ్ల కంటే మిషన్ల దగ్గరికి పోయేవాళ్లే ఎక్కువ అని మా కళ్లు చెబుతున్నాయి.

బండ కోసే మిషన్‌కు నీళ్లు కావాలి. ఆ నీళ్లలో రాతిపొడి కలిసి బురద అవుతుంది. ఆ బురద బేరింగ్‌లోకి పోతుంది. బేరింగ్ పట్టేస్తుంది, అది కూర్చునే షాఫ్ట్ అరిగిపోతుంది. అప్పుడు యజమాని కొత్త షాఫ్ట్ కోసం హైదరాబాదు పోడు. అరిగిన చోట వెల్డింగ్ పోయించి, పక్కనే ఉన్న లేత్ షాపుకు పంపిస్తాడు. అక్కడ ఆ షాఫ్ట్‌ను మళ్లీ సైజుకు తిప్పాలి. 6208 నంబరు బేరింగ్ లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. అది షాఫ్ట్ మీద బిగువుగా కూర్చోవాలంటే, మామూలుగా వాడే కొలత ప్రకారం షాఫ్ట్ 40 కంటే 2 మైక్రాన్ల నుంచి 18 మైక్రాన్ల వరకు మాత్రమే ఎక్కువ ఉండాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన తలవెంట్రుక ఒక్కటి ఇంతకంటే ఎన్నో రెట్లు లావు. షాఫ్ట్ కాస్త తగ్గిందా, బేరింగ్ దాని మీద జారుతుంది. ఎక్కువైందా, సుత్తితో కొట్టి ఎక్కిస్తారు, నెలకే పాడవుతుంది.

మరి ఈ పని చేసేది ఎవరు? షాపులో ఇద్దరు మనుషులు ఉంటారు. ఒకరు ఉస్తాద్, ఒకరు హెల్పర్. మిషన్ ఆన్ చేసి హ్యాండిల్ తిప్పడం కొద్దికాలంలో హెల్పర్‌కూ వస్తుంది. కానీ చక్ మార్చడం, సెంటర్ కలపడం, టూల్ ఎత్తు చూడడం, గేర్లు పెట్టడం, మిషన్ ఎందుకు తేడా కొడుతుందో కనిపెట్టడం మాత్రం ఉస్తాద్ చేతిలోనే ఉంటుంది. జీతంలో తేడా అక్కడే, గౌరవంలో తేడా అక్కడే. మన పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని పోయి కూడా ఏళ్ల తరబడి హెల్పర్లుగానే ఉండిపోవడానికి కారణం, వారికి మిషన్ తిప్పడం నేర్పారు గానీ సెట్ చేయడం నేర్పలేదు. ఇది మా అనుభవం.

మేము నేర్చుకున్న తీరు

మేము ట్రేడ్ చదివిన చోట ఒక్కో లేత్‌కు ఆరుగురం ఉండేవాళ్లం. మిషన్‌కు మూడు దవడల చక్ ఒకటి ఎప్పుడూ బిగించి ఉండేది. నాలుగు దవడల చక్, ఫేస్ ప్లేట్, స్టెడీ రెస్ట్ అల్మారాలో ఉండేవి. అల్మారాకు తాళం ఉండేది. పోతే ఎవరు కట్టాలన్నది సారుగారి భయం. ఆ భయాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ పరీక్షలో స్టెడీ రెస్ట్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న మాలో ఒకడు, తాండూరులో మొదటిసారి దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు తలకిందులుగా పట్టుకున్నాడు. ఉస్తాద్ నవ్వి "ఏం చదివినవ్ తమ్మీ?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకొకరి అనుభవం ఇంతకంటే గట్టిది. చక్ బిగించి, చక్ కీ తీయకుండానే స్విచ్ వేశాడు. కీ ఎగిరిపోయి పైన ట్యూబ్‌లైట్‌ను పగలగొట్టింది. అదే తలకు తగిలి ఉంటే ఈ వ్యాసం రాసేవాళ్లలో ఒకరు తక్కువయ్యేవారు. చక్ కీ చేతిలో నుంచి వదలకముందే చక్ నుంచి తీయాలన్నది లేత్ దగ్గర మొదటి పాఠం. గ్లౌజులు, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా పనికిరావన్నది రెండో పాఠం. మాకు అవి ప్రమాదం జరిగాక తెలిశాయి.

సెట్టింగ్ అంటే ఏమిటి?

చాలామంది ఇది చేతివాటం, పుట్టుకతో రావాలి అనుకుంటారు. కాదు. ఇది లెక్క, ఓపిక. పదో తరగతి లెక్కలు వచ్చినవాడికి అర్థం కానిది ఇందులో ఏమీ లేదు. కొన్ని ఉదాహరణలు చెబుతాం.

మొదటిది, మిషన్ కూర్చోవడం. లేత్ బెడ్ చూడటానికి రాయిలా గట్టిగా ఉంటుంది. కానీ నాలుగు కాళ్లు సమంగా ఆనకపోతే బెడ్ మెలిక తిరుగుతుంది. కంటికి కనపడదు, పనిలో కనపడుతుంది. అందుకే స్పిరిట్ లెవల్‌ను బెడ్‌కు అడ్డంగా, హెడ్‌స్టాక్ వైపు ఒకసారి, టెయిల్‌స్టాక్ వైపు ఒకసారి పెట్టి రెండు చోట్లా బుడగ ఒకేలా నిలిచేదాకా కాళ్ల కింద సర్దాలి. తర్వాత లావుపాటి కడ్డీ ఒకటి చక్‌లో పట్టి, అవతలి వైపు ఏ ఆధారం లేకుండా, సన్నటి కోత పెట్టి తిప్పాలి. రెండు చివర్లూ మైక్రోమీటర్‌తో కొలవాలి. సమంగా వస్తే మిషన్ బాగా కూర్చుంది. తేడా వస్తే మళ్లీ సర్దాలి.

రెండోది, టెయిల్‌స్టాక్. రెండు సెంటర్ల మధ్య షాఫ్ట్ తిప్పినప్పుడు టెయిల్‌స్టాక్ వైపు చివర 0.10 మిల్లీమీటర్ లావు వచ్చిందనుకుందాం. టెయిల్‌స్టాక్‌ను టూల్ వైపు ఎంత జరపాలి? 0.10 అంటే తప్పు. సగం, 0.05. ఎందుకంటే మనం కొలిచింది వ్యాసం, జరిపేది వ్యాసార్ధం. నాలుగు దవడల చక్‌లో కడ్డీ పట్టి డయల్ గేజి పెట్టినప్పుడూ ఇదే సూత్రం. ముల్లు మొత్తం 0.20 ఊగితే కడ్డీ మధ్య నుంచి 0.10 మాత్రమే తప్పింది. తొమ్మిదో తరగతిలో వృత్తం పాఠం చదివేటప్పుడు "ఇది ఎందుకు పనికొస్తుంది సార్?" అని అడిగిన తమ్ముళ్లకు ఇదే జవాబు.

మూడోది, జిబ్. క్రాస్ స్లయిడ్ పక్కన సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. అది వదులైతే టూల్ వణుకుతుంది, పని మీద అలలు పడతాయి. మరీ బిగిస్తే స్లయిడ్ కదలదు. స్క్రూలన్నీ ఒకే తీరుగా బిగించి, బరువుగా కదిలేదాకా తెచ్చి, రవ్వంత వదలాలి. హ్యాండిల్ తిప్పినా స్లయిడ్ వెంటనే కదలని ఖాళీ వేరు, అది లోపలి స్క్రూ అరుగుదల. పాత మిషన్‌లో అది ఎంతో కొంత ఉండే తీరుతుంది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వస్తే దానితోనూ మంచి పని తీయవచ్చు.

నాలుగోది, టూల్ ఎత్తు. టూల్ కొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. పైకి ఉంటే కోయదు, రుద్దుతుంది. కిందికి ఉంటే ముఖం తీసినప్పుడు మధ్యలో చిన్న బొడిపె మిగులుతుంది. తాండూరు షాపుల్లో దీనికి విరిగిన హాక్సా బ్లేడు ముక్కలు టూల్ కింద పెడతారు. పైసా ఖర్చు లేదు. కానీ ఎన్ని ముక్కలు పెట్టాలో తెలియాలి.

ఐదోది, గేర్లు. మన పాత లేత్‌లు చాలావరకు అంగుళాల లెక్కవి. ఇప్పుడు బోల్టులు మిల్లీమీటర్ల లెక్కవి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 5తో గుణిస్తే 127. అందుకే అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల మర కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. సెకండ్ హ్యాండ్ మిషన్ కొన్నప్పుడు తరచుగా కనపడకుండా పోయేది ఆ గేరే. అది లేకపోతే 80, 63 పళ్ల గేర్లతో దగ్గరికి రావచ్చు. 127ను 100తో భాగిస్తే 1.27. 80ని 63తో భాగిస్తే 1.2698. మీటరు పొడవు మరకు తేడా మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. పొట్టి బోల్టుకు అది తేడానే కాదు. ఈ లెక్క తెలిసినవాడు ఉస్తాద్, తెలియనివాడు "గేరు లేదు, పని కాదు" అని గిరాకీని వెనక్కి పంపిస్తాడు.

చక్ పళ్లెం చెప్పే నీతి

అన్నింటికంటే ముఖ్యమైనది కొత్త చక్‌ను పాత లేత్‌కు బిగించడం. చక్ నేరుగా మిషన్‌కు ఎక్కదు. మధ్యలో ఇనుప పళ్లెం ఒకటి కావాలి. దాన్ని బ్యాక్ ప్లేట్ అంటారు. అది స్పిండిల్ మరకు బిగుసుకోవాలి, దాని మెట్టు చక్ వెనక ఉన్న గాడిలో సరిగ్గా దిగాలి. బజారులో సగం తయారైన పళ్లెం దొరుకుతుంది. కానీ దాన్ని ఇంకెక్కడో తిప్పించి తెచ్చి బిగిస్తే చక్ ఊగుతుంది. స్పిండిల్ మరలు శుభ్రంగా తుడిచి, పళ్లెం బిగించి, దాని ముఖం, దాని మెట్టు ఆ మిషన్ మీదే తిప్పాలి. చివరి కోత సొంత స్పిండిల్ మీద పడితేనే చక్ నిలకడగా తిరుగుతుంది. తర్వాత బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మూడు దవడలకు 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. ఆ వరుసలోనే ఎక్కించాలి.

మన శిక్షణ విషయంలోనూ మేము చెప్పదలచుకున్నది ఇదే. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మంచిదే. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పదో తరగతి పాసైనవారికి అక్కడ టూల్, డై తయారీలో డిప్లొమా ఉంది. మన హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆ ప్రకటన ఎన్నిసార్లు అంటించామో మనమే ఆలోచించుకోవాలి. ఎక్కడ చదివినా ఆ చదువు సగం తయారైన పళ్లెం లాంటిది. చివరి కోత మన దగ్గర, మన బండల మిషన్ షాఫ్ట్ మీద పడాలి. ఆ చివరి కోతకు చోటు ఇవ్వాలన్నదే మా ప్రతిపాదన.

అభ్యంతరాలకు మా జవాబు

"ఇప్పుడు అంతా సీఎన్‌సీ, ఈ పాత లేత్ ఎందుకు?" అంటారు. వెయ్యి ఒకే రకం ముక్కలు కావాలంటే సీఎన్‌సీ కావాలి. విరిగిన ఒక్క షాఫ్ట్ సాయంత్రంలోగా కావాలంటే చేతి లేతే కావాలి. పైగా సీఎన్‌సీలోనూ టూల్ ఎత్తు, దవడల పట్టు, ఆఫ్‌సెట్ అన్నీ ఉంటాయి. చేత్తో నేర్చినవాడికి స్క్రీన్ మీది అంకె ఏం చెబుతోందో అర్థమవుతుంది.

"మళ్లీ చేతి పనిలోకే మన పిల్లలను దింపుతారా? తరతరాలు చేసింది చాలదా?" అని ఇంకో అన్న అడిగాడు. ఈ ప్రశ్న నిజమైనది, దీనికి తేలికగా జవాబు చెప్పకూడదు. మన తాతలు చేతిపనే చేశారు. చెప్పు కుట్టారు, డప్పు బిగించారు, బాయి తవ్వారు. చేతికి నైపుణ్యం ఉంది, దానికి విలువ కట్టే అధికారం మాత్రం ఇంకొకరి దగ్గర ఉంది. డాక్టర్ అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లో తప్పుపట్టింది పనిని కాదు, మనిషిని పుట్టుకతో పనికి కట్టేసి పైమెట్టు, కిందిమెట్టు చేయడాన్ని. ఆయనే 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యునిగా ఉన్నప్పుడు మనవాళ్లకు సాంకేతిక శిక్షణ కావాలని పట్టుబట్టారు. కాబట్టి మేము అడిగేది హెల్పర్ పని కాదు. మిషన్‌ను అర్థం చేసుకుని, ధర తానే చెప్పగలిగే స్థానం. కలెక్టర్ కావాలనుకునే తమ్ముడు తప్పకుండా కావాలి. కానీ గ్రూప్స్ రాసి రానివాడికి ముప్పై ఏళ్లకు ఏం మిగులుతోందో కూడా ఈ సభ ఆలోచించాలి.

2021లో దళిత బంధు కింద 10 లక్షల రూపాయల సాయం వచ్చినప్పుడు మాకు తెలిసినవాళ్లు ఎక్కువగా వాహనాల వైపే చూశారు. లేత్ షాపు పెడదామన్న ఆలోచన మాలో కూడా కొందరికి వచ్చింది. ధైర్యం రాలేదు. మిషన్ కొనగలం, తేడా వస్తే ఎవరు సరిచేస్తారు? డబ్బు దగ్గర కాదు మేము ఆగింది, సెట్టింగ్ దగ్గర ఆగాం.

ఇప్పటి లేత్‌కు రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడైన హెన్రీ మాడ్‌స్లే గురించి ఒక మాట. 1771లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. పన్నెండేళ్లకే ఆయుధాగారంలో తూటాలలో మందు నింపే పనికి వెళ్లాడు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. 1800 ప్రాంతంలో, కచ్చితంగా మర కోసే లేత్‌ను తయారుచేశాడు. మనకు దగ్గరలోనూ చరిత్ర ఉంది. సికింద్రాబాదులో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ లేత్ చక్‌లకు పేరు పొందింది. మనం బిగించే చక్ ఒకప్పుడు మన రైలు చేరే ఊళ్లోనే తయారైంది.

మా ప్రతిపాదన

ఒకటి. బెడ్ నాలుగున్నర అడుగులు, ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు ఉన్న చిన్న లేత్ చాలు. పెద్దది వద్దు.

రెండు. డబ్బంతా మిషన్ మీదే పెట్టవద్దు. నాలుగు దవడల చక్, దానికి సగం తయారైన పళ్లెం, రివాల్వింగ్ సెంటర్, స్టెడీ రెస్ట్, డయల్ గేజి, మైక్రోమీటర్, లెవల్, మొత్తం గేర్ల సెట్టు 127తో సహా లెక్కలో ఉండాలి. సామాను లేని లేత్ అంటే బొక్కెన లేని బాయి.

మూడు. చక్ పళ్లెం మేము తిప్పి ఇవ్వం. ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముళ్లే, మేము పక్కన నిలబడి ఉండగా, తిప్పి బిగించాలి. తప్పు చేస్తే ఇంకో పళ్లెం కొందాం. పళ్లెం చవక.

నాలుగు. పద్దెనిమిదేళ్లు నిండనివారు గీత బయట నిలబడి చూడటమే. పెద్ద మనిషి లేనిదే స్విచ్ పడకూడదు. తాళం ఉండాలి, కానీ ఆ తాళం మిషన్ గదికి. సామాను అల్మారాకు వద్దు.

ఐదు. ప్రతి ఆదివారం మాలో ఒకరు వస్తాం. తాండూరు నుంచి వచ్చేటప్పుడు అరిగిన షాఫ్ట్ ఒకటి తెస్తాం. దాన్ని ఇక్కడ సరిచేసి తిరిగి పంపిద్దాం. బేరింగ్ నిలిచిందో లేదో బండల మిషనే చెబుతుంది. అంతకంటే నిక్కచ్చి పరీక్ష లేదు.

ఆరు. మిషన్‌కు ఫలకం, పేర్లు వద్దు. ఒక రిజిస్టర్ పెడదాం. ఎవరు ఏ రోజు ఏం సెట్ చేశారో, ఎంత తేడా వచ్చిందో రాయాలి. తప్పులు కూడా రాయాలి. వచ్చే సంవత్సరం వచ్చే తమ్ముడికి అదే పాఠ్యపుస్తకం.

ఈ సంచిక చదివే అన్నలకు మా మనవి: డబ్బు ఇవ్వలేనివారు ఆదివారం ఇవ్వండి. మీ షాపులో మూలన పడి ఉన్న సెంటర్, గేరు, అరిగిన దవడలు ఏవైనా ఉంటే అవి ఇవ్వండి. తమ్ముళ్లకు మా మాట: "ఏం చదివినవ్ తమ్మీ?" అని మిమ్మల్ని ఇంకెవరూ నవ్వుతూ అడగకూడదు. అడిగితే, డయల్ గేజి పెట్టి ముల్లు నిలబెట్టి చూపించండి. జవాబు అదే.

జై భీమ్.

— హాస్టల్ పూర్వ విద్యార్థులం, టర్నర్ మరియు ఫిట్టర్ ట్రేడ్‌ల వాళ్లం